చెంచాడు అంటే ఎంత?

గత సంచికలో, బరువు తగ్గడం లేదన్న ఒక పాఠకుడికి జవాబిస్తూ "రెండు వారాల పాటు తూచుకుని తిని చూడండి" అని ఒక్క వాక్యం రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగం మంది కోప్పడ్డారు. కొందరు ఏడాదిగా తూచుకునే తింటున్నామని గొప్పగా రాశారు. ఒకాయన కాటాను "వంటింట్లో పోలీసు" అన్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే. ముందుగా అన్నిటికంటే పొడవైనది, కొంత కుదించి.

ప్రశ్న: మేడమ్, నాకు 43 ఏళ్ళు. కూర్చుని చేసే ఉద్యోగం. అయిదు నెలల క్రితం 78 కిలోలు ఉండేదాన్ని. తిండి తగ్గించాను. మొదటి నెలలో మూడు కిలోలు తగ్గాను, ఆ తరువాత నాలుగు నెలలుగా బరువు కదలలేదు. ఉదయం గిన్నెడు ఓట్స్ పాలతో, ఒక అరటిపండు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, కొంచెం నూనెతో చేసిన కూర, పెరుగు. సాయంత్రం గుప్పెడు వేరుశనగలు. రాత్రి రెండు బ్రెడ్డు ముక్కలు, ఆమ్లెట్, సలాడ్. కాఫీ రెండుసార్లు, చక్కెర కొద్దిగా. ఎలా లెక్కేసినా 1,300 క్యాలరీలు దాటవు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాను, బాగానే ఉంది. మా వారు ఒక కాటా కొనుక్కొచ్చి వంటింట్లో పెట్టారు. దాన్ని చూసినప్పుడల్లా నన్ను ఎవరూ నమ్మడం లేదనిపిస్తుంది. మా అమ్మ జన్మలో ఏదీ తూచి తినలేదు, ఎప్పుడూ సన్నగానే ఉండేది. నేను తూచుకోవలసిందేనా?

జవాబు: భార్యకు కాటా బహుమతిగా ఇవ్వడం ప్రమాదకరమైన పని అని ముందుగా మీ వారికి నా తరఫున చెప్పండి. కానీ కాటాను మాత్రం వెనక్కి పంపకండి.

మీ ఉత్తరాన్ని ఎర్ర కలం పట్టుకుని చదివాను. గిన్నెడు, ఒక కప్పు, కొంచెం, గుప్పెడు, కొద్దిగా. నికరమైన అంకె ఉన్నవి మూడే: అరటిపండు ఒకటి, బ్రెడ్డు ముక్కలు రెండు, కాఫీ రెండుసార్లు. అంకె లేని చోటే క్యాలరీలు ఎక్కువగా ఉన్నాయి.

మీ అమ్మగారు తూచలేదు, నిజమే. అలాగే 1,300 అని లెక్క కూడా వేసుకోలేదు కదా. ఆకలి వేస్తే తిని, తీరగానే ఆపేసేవాళ్ళకు కొలతలతో పనిలేదు. మీరు ఆకలిని పక్కన పెట్టి లెక్కను నమ్ముకున్నారు. ఏట్లో వేసినా ఎంచి వేయమన్నారు. లెక్క మీదే నడవాలనుకున్నప్పుడు ఆ లెక్క ఒక్కసారైనా సరిచూసుకోవాలి.

నా సొంత అవమానం ఒకటి చెబుతాను. ఆసుపత్రి ఆహార విభాగంలో చేరిన కొత్తలో మా పెద్ద డైటీషియన్ ఒక మధ్యాహ్నం అయిదు పళ్ళేల్లో అన్నం పెట్టించి, ఒక్కొక్కదాని బరువు కాగితం మీద రాయమన్నారు. నేను, నాతో చేరిన మరో ఇద్దరు అప్పుడే డిగ్రీలు పుచ్చుకుని వచ్చినవాళ్ళం. వంద గ్రాముల అన్నంలో ఎన్ని క్యాలరీలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. అన్నిటికంటే చిన్న వడ్డనకు నేను 110 అని రాశాను, అది 90. అన్నిటికంటే పెద్దదానికి 200 అని రాశాను. కాటా మీద పెడితే 320. మిగతా ఇద్దరిదీ అదే వరస. చిన్న వడ్డన ఎక్కువగా, పెద్ద వడ్డన తక్కువగా కనబడడం మనిషి కంటికి అలవాటని, ఆహార సర్వేలు చేసేవాళ్ళకు ఇది పాత తలనొప్పేనని తరువాత తెలిసింది. ఆ రోజు మాత్రం తలెత్తలేకపోయాం. ఎందుకంటే అక్కడే నిలబడి చూస్తున్న వంటాయన అయిదింటి బరువూ పదేసి గ్రాముల తేడాలో చెప్పేశారు. ఆయన ఏళ్ళ తరబడి రోజూ కాటా మీద పెట్టిన పళ్ళేల్లోకి వడ్డిస్తున్నారు. తప్పు చేసిన మరుక్షణమే దిద్దుబాటు జరుగుతూ వచ్చిన కన్ను అది.

పెద్దావిడ అక్కడితో ఊరుకోలేదు. ఒక గిన్నెలో వేరుశనగలు పోసి ఆయన ముందు పెట్టారు. "నలభై ఉంటాయమ్మా" అన్నారాయన. 65 గ్రాములు ఉన్నాయి. అన్నం దగ్గర ఆరితేరిన కన్ను పల్లీల దగ్గరకు వచ్చేసరికి మా కన్నులాగే తేలిపోయింది. మీ ప్రశ్నకు జవాబు ఆ రోజే దొరికింది నాకు. కంటి కొలత నేర్చుకోదగ్గ విద్యే. కానీ కాటా లేకుండా రాదు, పైగా ఒక్కొక్క పదార్థానికి విడిగా నేర్చుకోవాలి.

ఇక మీ వంటింటికి వద్దాం. "చెంచాడు నూనె" అని నాకు చెప్పేవాళ్ళలో చాలామంది చెంచా వాడరు. సీసా వంచుతారు. మూకుడులో పరుచుకున్న నూనె ఎంతో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కాస్త వేడెక్కి పలచబడి ఒక పక్కకు జారుతుంది, రెండో పక్క పొడిగా కనబడుతుంది, చెయ్యి దానంతట అదే మళ్ళీ సీసా దగ్గరకు వెళుతుంది. టీ చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. అందులో పట్టే నూనె నాలుగున్నర గ్రాములు, సుమారు 40 క్యాలరీలు. సీసా వంపు ఒక్కొక్కటీ 12 నుంచి 15 గ్రాములు ఉండడం నేను మామూలుగా చూసేదే. 14 అనుకుందాం, 126 క్యాలరీలు. కూరకు ఒక వంపు, ఆమ్లెట్‌కు ఒక వంపు. మీ లెక్కలో 80, మూకుడులో 250. కూర అందరూ తింటారు, నా వాటా అంత ఉండదు అంటారేమో. అందరికీ చేసే కూరలో వంపులు కూడా ఒకటితో ఆగవు.

వేరుశనగలు గుప్పెడంటే 25 గ్రాములని పుస్తకం లెక్క, 140 క్యాలరీలు. గిన్నె పక్కన పెట్టుకుని, ఫోను చూస్తూ తినే గుప్పెడు 45 గ్రాములకు తగ్గదు, 255 క్యాలరీలు. కప్పు అన్నం సమంగా తీస్తే 150 గ్రాములు, 195 క్యాలరీలు; గోపురంలా తీస్తే 240 గ్రాములు, 310 పైచిలుకు. ఇవి మీ ఇంటి అంకెలని నేను అనను. మీలాంటి ఫిర్యాదుతో వచ్చినవాళ్ళ ఇళ్ళలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే అంకెలు. ఈ మూడు తేడాలూ కూడితే రోజుకు 400 క్యాలరీలు. మీరు కడుపు మాడ్చుకుని తగ్గించింది దాదాపు అంతే అయివుంటుంది.

సలాడ్ సంగతి ఎత్తలేదని గమనించారా? కీరదోస ముక్కలు 100 గ్రాములు తప్పు లెక్క వేసినా తేడా 15 క్యాలరీలు. కన్ను చూసేది ఎంత చోటు ఆక్రమించిందన్నదే. గ్రాము పిండిపదార్థంలో, గ్రాము మాంసకృత్తుల్లో 4 క్యాలరీలు ఉంటే, గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. నీళ్ళు ఎక్కువున్న ఆహారం చోటు నింపుతుంది, నూనె ఆ చోటులో కనబడకుండా కూర్చుంటుంది.

మిమ్మల్ని ఎవరో అబద్ధాలకోరు అంటున్నట్లు బాధపడవద్దు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 1,200 క్యాలరీల కంటే తక్కువే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పే పది మందిని తీసుకున్నారు. వాళ్ళు తిన్నది రాసుకున్నారు. శరీరం ఖర్చు చేస్తున్న శక్తిని మాత్రం, హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన రూపాలు కలిపిన నీటిని తాగించి, విడిగా కొలిచారు. తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా రాశారని, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా రాశారని తేలింది. శరీరం శక్తిని ఖర్చు చేసే తీరులో లోపమేమీ కనబడలేదు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ 47 కాదు. రెండు తప్పులూ ఒకే పక్కకు ఒరగడం. గుడ్డిగా వేసే అంచనా అయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడాలి. మనం తినే తిండి దగ్గర మన కన్ను మన తరఫునే సాక్ష్యం చెబుతుంది.

మరి మొదటి నెలలో మూడు కిలోలు ఎలా తగ్గాయంటారు. అందులో కొంత నీరు. తిండి తగ్గించగానే కండరాలలో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం కరుగుతుంది. దాని ఒక్కొక్క గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు బయటికి పోతుంది. మిగిలింది నిజమైన తగ్గుదలే. కొత్తలో ఎవరైనా భయంగా, తక్కువగా పెట్టుకుంటారు. నెల తిరిగేసరికి కప్పు మీద గోపురం లేస్తుంది. దీనికి తోడు, తగ్గిన శరీరానికి అవసరం కూడా కొంచెం తగ్గుతుంది. తప్పంతా మీ చేతిదే అనడం లేదు.

ఇలా చేయండి. మొదటి వారం ఏమీ మార్చవద్దు. ఎప్పటిలాగే పెట్టుకోండి, తినే ముందు తూచి రాసుకోండి, అంతే. తగ్గించాలనే ఆత్రం ఆ వారం పనికిరాదు, మీ అసలు చేతివాటం ఎంతో తెలియాలి. తూచే ముందు మీ అంచనా కూడా పక్కన రాయండి. నూనెకు ఒక ఉపాయం: సీసానే కాటా మీద పెట్టి సున్నా చేయండి, వంటలో పోసి మళ్ళీ పెట్టండి. ఎంత పోశారో ముందు మైనస్ గుర్తుతో కనబడుతుంది. చెంచాలు జిడ్డు చేసుకోవలసిన పని లేదు. కలిపి వండినదానికి ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి మూత లోపల రాసి పెట్టుకోండి. వండిన గిన్నె బరువులోంచి అది తీసేస్తే వంట బరువు, అందులో మీ వడ్డన ఎంతో చూసుకుంటే మీ వాటా. రెండో వారం నూనె, గింజలు, అన్నం, ఓట్స్, చక్కెర మాత్రం అనుకున్న కొలతకు దించండి. మీరు రోజూ తినే గిన్నెలో 150 గ్రాముల అన్నం ఎక్కడి దాకా వస్తుందో చూసి పెట్టుకోండి. ఆ తరువాత ఆ గిన్నే మీ కాటా.

రోజూ పొద్దున్నే ఒంటి బరువు చూసుకునేటట్లయితే వారం సగటునే లెక్కలోకి తీసుకోండి. ఉప్పు ఎక్కువైన మరునాడు కిలో పెరగడం మామూలే. నాలుగు వారాలు నిజంగా తూచి తిన్నాక కూడా సగటు కదలకపోతే నాకు మళ్ళీ రాయండి. అప్పుడు 1,300 అన్నది మీకు సరిపడే అంకేనా అన్న దగ్గర నుంచి మాట్లాడుకుందాం.

ప్రశ్న: నాది దీనికి పూర్తిగా వ్యతిరేకం మేడమ్. ఎనిమిది నెలలుగా ప్రతిదీ తూచి తింటున్నాను, పాలకూర ఆకులతో సహా. 14 కిలోలు తగ్గాను, అనుకున్న బరువుకు వచ్చాను. ఇప్పుడు ఆపాలంటే భయం. స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్ళినా నా డబ్బా నేను తీసుకువెళుతున్నాను. మా ఆవిడ దీని మీద రెండుసార్లు పోట్లాడింది. మొన్న కాటా పాడైతే ఆ పూట భోజనం మానేశాను. ఎలా బయటపడాలి?

జవాబు: మీ శ్రద్ధకు నమస్కారం. కానీ పాలకూర 30 గ్రాములు అటూ ఇటూ అయితే మారేది ఏడు క్యాలరీలు. అంతకంటే ఎక్కువ, కాటా వెతుక్కోవడానికి వంటింట్లో అటూ ఇటూ తిరగడంలోనే ఖర్చవుతుంది.

మీరు గ్రాము దాకా తూచి, దాన్ని ఏ అంకెతో గుణిస్తున్నారో ఎప్పుడైనా ఆలోచించారా? ఇందాక చెప్పిన 4, 9, 4 (మాంసకృత్తులు, కొవ్వు, పిండిపదార్థం) అనే ఆ గుణకాలు 19వ శతాబ్దం చివర్లో విల్బర్ అట్వాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త చేసిన కొలతల నుంచి వచ్చాయి. సగటుకు బాగా పనికొస్తాయి. విడివిడి పదార్థాల దగ్గర జారిపోతాయి. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు బాదం గింజలు తిన్న మనుషుల శరీరానికి నిజంగా అందే శక్తిని కొలిస్తే, 28 గ్రాములకు 129 క్యాలరీలే తేలాయి. పాత పద్ధతిలో లెక్కేస్తే 170 దాకా వస్తాయి. గింజలోని కణాల గోడలు పూర్తిగా పగలక కొంత కొవ్వు అరగకుండానే బయటికి పోతుంది. ఇక పొట్లం మీద అచ్చేసిన అంకె. అమెరికా నిబంధనల్లోనే అసలు క్యాలరీలు చీటీ మీది అంకె కంటే 20 శాతం వరకు ఎక్కువ ఉన్నా ఒప్పుకుంటారు. గజం కర్రతో కొలిచిన గుడ్డను వెంట్రుక మందంతో కత్తిరిస్తున్నారు మీరు.

కాటా చేయవలసిన పని మీ విషయంలో చేసేసింది. ఇప్పుడు దాన్ని గురువు స్థానం నుంచి పరీక్షకుడి స్థానానికి మార్చండి. రేపటి నుంచి ముందు మీరే వడ్డించుకోండి, అంకె పైకి చెప్పండి, ఆ తరువాత తూచండి. తేడా రాయండి కానీ పళ్ళెంలోది మార్చవద్దు, ఉన్నది ఉన్నట్లు తినండి. ఈ చివరి ముక్క మీకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది, అందుకే చెబుతున్నాను. ఒక పదార్థం వరుసగా అయిదుసార్లు పది, పదిహేను శాతం తేడాలోపల పడితే దాన్ని జాబితాలోంచి కొట్టేయండి. కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు అసలు జాబితాలోకే రానక్కరలేదు. నూనె, గింజలు, వెన్నలాంటివి చివరి దాకా మిగులుతాయి, మిగలనివ్వండి. తరువాత నెలకొక రోజు అన్నిటినీ తూచి చూస్తే చాలు. కన్ను నేర్చుకున్నది మరచిపోతుంది, మరచిపోయేటప్పుడు కూడా ఎక్కువ పెట్టే వైపే మరచిపోతుంది.

స్నేహితుల ఇంటికి డబ్బా లేకుండా వెళ్ళండి. ఈ నెలలో ఒక్కసారైనా.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోలేను. కాటా పాడైందని భోజనం మానేశానన్నారు. పైన చెప్పినవి చేయబోయి గుండె దడ, నిద్ర పట్టకపోవడం, తిన్నందుకు శిక్షగా మరో పూట మానేయడం ఉంటే ఇది బరువు సమస్య కాదు. మానసిక వైద్యులను కలవండి. మీ ఆవిడను కూడా వెంట తీసుకువెళ్ళండి, ఆమె మీకంటే ముందే చూసింది.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళు. నేను బరువు తగ్గడానికి తూచుకుంటుంటే చూసి తనూ మొదలుపెట్టింది. తన వయసుకు ఎన్ని గ్రాములు పెట్టాలో చెప్పండి.

జవాబు: చెప్పను. ఎదిగే వయసు పిల్లకు గ్రాముల లెక్క పెట్టకూడదు తల్లీ. ఆ కాటాను ఆమె కంటపడకుండా తీసి పెట్టండి. మీరు తూచుకోవలసి ఉంటే ఒంటరిగా, వండేటప్పుడే కానివ్వండి. భోజనాల బల్ల దగ్గర అంకె వినబడకూడదు, మీ ఒంటి గురించి మీరు చేసుకునే వ్యాఖ్యానాలు అంతకంటే వినబడకూడదు. అమ్మాయి ఒంటరిగా తింటానంటున్నా, తిండి దాస్తున్నా, బరువు తగ్గుతున్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా, నెలసరి తప్పినా వాయిదా వేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. నిజంగానే అధిక బరువు ఉందనుకుంటే ఆ మాట కూడా డాక్టరే చెప్పాలి, మీరో నేనో కాదు.

ప్రశ్న: కాటా అవసరం లేకుండా చేత్తోనే కొలుచుకోవచ్చని విన్నాను. నావి చిన్న చేతులు. నాకు అన్యాయం జరగదా?

జవాబు: జరగదు. చిన్న చేతులవాళ్ళ ఒళ్ళు కూడా చాలావరకు చిన్నదే, అవసరమూ తక్కువే. ఈ పద్ధతిలో ఉన్న అందం అదే. మాంసం, చేప ముక్క అరచేయంత. అన్నం మూసిన పిడికిలంత. కూరగాయలు రెండు పిడికిళ్ళంత. కొవ్వు పదార్థాలు బొటనవేలంత. ప్రతి పూటకూ ఇదే లెక్క. వంద శాతం సరిగ్గా ఉండదు, రోజూ ఒకేలా మాత్రం ఉంటుంది. బరువు తగ్గడం లేదనిపిస్తే ఆ పిడికెడులోంచే కొంత తీసేయవచ్చు.

అసలు ఈ విద్య మన భాషకు కొత్త కాదు. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు అని చేతిని నాలుగు కొలతలుగా విభజించి పెట్టుకున్నాం. కళ్ళను కూడా చారెడేసి అని చేత్తోనే కొలిచాం. చిక్కంతా గుప్పెడుతో వస్తుంది. కొందరికి గుప్పెడంటే వేళ్ళు మూసిన పిడికెడు, కొందరికి అరచేయి గుంట చేసి పట్టిన చారెడు. ఈ జవాబు రాస్తూ లేచి వెళ్ళి తూచాను: నా పిడికెడు వేరుశనగలు 24 గ్రాములు, నా చారెడు 43. మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలు తినేది ఈ రెండింట్లో ఏదో అడగడం మరచిపోయాను.

నూనె చేతిలో నిలవదు కనుక దానికి ఈ పద్ధతి పనిచేయదు. దానికి మాత్రం కొలత చెంచా ఉంచుకోండి.

ప్రశ్న: వంటల చిట్కాల్లో "ఒక కప్పు", "ఒక టేబుల్ స్పూను" అని రాస్తారు. ఏ కప్పు? బియ్యాన్ని తూచాలా, అన్నాన్నా?

జవాబు: అమెరికా కప్పు 240 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250, జపాన్‌లో 200. టేబుల్ స్పూను చాలా చోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. ఎవరు రాశారో తెలియనప్పుడు గ్రాములే గతి.

బియ్యమైనా అన్నమైనా తూచవచ్చు, రెండింటినీ కలగాపులగం చేయనంత వరకు. 100 గ్రాముల బియ్యంలో 350 క్యాలరీల పైన ఉంటాయి, 100 గ్రాముల అన్నంలో 130. నీళ్ళు తాగి బరువు మూడింతలకు దగ్గరగా పెరుగుతుంది, శక్తి పెరగదు. ఒకావిడ ఆరు నెలలు బియ్యం తూచి అన్నం అంకె వేసుకున్నారు. తగ్గడం లేదని నా దగ్గరకు వచ్చినప్పుడు ఆవిడ పుస్తకం చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ కొంచెం ఆలస్యంగా నవ్వారు.

ప్రశ్న: చిన్న పళ్ళెంలో తింటే చాలు, తూకాలూ వద్దు అంచనాలూ వద్దు అంటారు. నిజమా?

జవాబు: మారు వడ్డించుకోకపోతే కొంత నిజం. పళ్ళెం సంగతి ప్రయోగాల్లో ఒకసారి ఒకలా, మరోసారి ఇంకోలా తేలింది. అంతకంటే గట్టిగా నిలిచినది వడ్డన సంగతి. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే వంటకాన్ని వేర్వేరు రోజుల్లో 500 గ్రాముల నుంచి 1,000 గ్రాముల వరకు పెట్టి చూశారు. అందరూ కడుపు నిండినప్పుడే ఆపారు. అయినా పెద్ద వడ్డన పెట్టిన రోజు చిన్న వడ్డన రోజు కంటే 30 శాతం ఎక్కువ తిన్నారు. వడ్డన మారిందని సగం మంది కూడా గమనించలేదు. అందుకని గిన్నెను బల్ల మీదకు తీసుకురాకుండా పొయ్యి దగ్గరే వడ్డించుకుని రండి. మళ్ళీ కావాలంటే లేచి వెళ్ళాలి. సోమరితనం మనకు ఉపయోగపడే చోట్లు తక్కువ, ఇది ఒకటి.

ప్రశ్న: నేను ఇన్సులిన్ తీసుకుంటాను. అంచనాతో నడిపించవచ్చా?

జవాబు: మీ విషయంలో తూకం మందులో భాగం. పూటకు ఎంత పిండిపదార్థం తింటున్నారన్న లెక్క మీదే మోతాదు నిర్ణయించి ఉంటే, అన్నం సగానికి తగ్గించి ఇన్సులిన్ అలాగే ఉంచడం వల్ల చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, తడబాటు వస్తే వెంటనే పరీక్షించుకుని చక్కెరో పండ్లరసమో తీసుకోండి. బరువు తగ్గాలనుకుంటున్నట్లు మీ డాక్టరుకు ముందు చెప్పి, తిండి, మోతాదు రెండూ కలిపి మార్చుకోండి. ఈ శీర్షిక చూసి మార్చుకోవద్దు.

ప్రశ్న: ఇంతమందికి చెబుతున్నారు. మీ ఇంట్లో కాటా ఉందా? మీరు ఎప్పుడైనా తూచుకుంటారా?

జవాబు: ఉంది. పై అరలో ఉంటుంది, నెలకు ఒకసారి దించుతాను. మొన్న ఆదివారం బాదం గింజలు గిన్నెలో పోసుకుని, ముప్పై ఏళ్ళ అనుభవం కదా అని ధీమాగా "28" అనుకుని తూచాను. 41 చూపించింది. బ్యాటరీ అయిపోవచ్చిందేమోనని కొత్తది వేసి మళ్ళీ చూశాను.

42.